నిన్నటిదాకా బాగానే ఉంది

ఆరో బాయి, రెండో మట్టం, పెద్దల వరుస. డ్యూటీ పుస్తకం.
రాసేది: స్వరూప, వయసు 48, కడియం నంబరు 388.

63వ ఏడు, 201వ రోజు

మొదటి సైరన్ కూతకు లేచాను. పైన ఎండ యాభై ఏడు డిగ్రీలని ఈ పాత బొగ్గు బాయి మూతి దగ్గర బోర్డు మీద రాశారు. నిన్నా యాభై ఏడే, మొన్నా యాభై ఏడే. ఆ అంకెను రోజూ చెరిపి మళ్ళీ అదే రాయడానికి ఒక మనిషికి ఉద్యోగం ఇచ్చారు. నాకు మాత్రం పదిహేడు మంది ముసలివాళ్ళను ఇచ్చారు.

జొన్న గటక పోయడం, పక్కలు దులపడం, ఆ తర్వాత ఒక్కొక్కరినీ నాలుగు ప్రశ్నలు అడగడం నా పని. నీ పేరేంటి? ఏ మట్టంలో ఉన్నావు? నీ కడియం ఎవరికి పోయింది? నిన్న ఏం వండారు? పదహారు మంది ఎప్పటిలాగే విసుక్కుంటూ చెప్పారు. ఓదెవ్వ చెప్పలేదు.

ఏ మట్టంలో ఉన్నావంటే "దవాఖాన్ల ఉన్న, కనవడ్తలేదా?" అంది. కడియం ఎవరికి పోయిందంటే తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఎవరో దొంగిలించారని గోల పెట్టింది. ఆ కడియాన్ని ఆరేళ్ళ కిందట డెబ్బై నిండిన రోజున ఆమే తీసి, ముని మనవడి చేతికి తొడిగింది. డప్పులు కొట్టారు, అందరికీ బెల్లం నీళ్ళు పోశారు. నేనూ రెండు గ్లాసులు తాగాను.

బాయిలో ఉన్నవి ఆరువందల పన్నెండు కడియాలు. వాటిని చేసిన చోటు ఎక్కడో ఎండలో మాడిపోయింది, ఇక కొత్తవి రావు. కడియం ఉంటే ఒంట్లో ఏముందో అదే చెబుతుంది, దాన్ని చూపిస్తేనే మందుల బీరువా తెరుచుకుంటుంది. అందుకే డెబ్బై దాటినవాళ్ళు దాన్ని పుట్టిన బిడ్డకు ఇచ్చేస్తారు. ఆ తర్వాత వాళ్ళకు జబ్బులుండవు, వయసే ఉంటుంది. ఇక్కడ అందరం అనుకునేది ఇదే.

ఓదెవ్వ నిన్న గటకలో ఉప్పు తక్కువైందని నాతో అరగంట పోట్లాడింది. ఇవాళ ఇలా. పుస్తకంలో రాశాను: "నిన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళ మతి తప్పింది. ఒకటో రోజు." రూలు ప్రకారం నిమ్మళం గోలీలు రెండు వేశాను, గోల తగ్గడానికి. పదో రోజు బాయి పెద్దల ముందు కూడా ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతే నాలుగో మట్టానికి దించుతారు. సంతకం నాది. అక్కడినుంచి ఇంతవరకూ ఎవరూ పైకి రాలేదు.

202వ రోజు

రెండో రోజు. దుప్పటి అంచులు పీకుతూ కూర్చుంది. గోడ మీద చీమలున్నాయంటుంది. గోడ మీద గోడే ఉంది. నన్ను చూసి మీ అమ్మ బాగుందా అని అడిగింది, మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళు.

ఆమె మనవరాలు రవళి వచ్చింది. ఓదెవ్వ కడియం ఇప్పుడు ఈ రవళి కొడుకు చేతికే ఉంది. రవళి మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది.

"ఒక్క గడియ పిల్లగాని కడియం తీసి అవ్వకు పెట్టి సూద్దామా అత్తా? ఏమైందో తెలుస్తది గదా."

"కొత్త చేతికి అలవాటైనంక పాత చేతిని అది గుర్తువట్టదమ్మా. ఆమెకు కొత్తగ అయ్యేదేముంది, డెబ్బై ఆరు."

ఈ మాట పదకొండేళ్ళుగా ఎంతమందికి చెప్పానో. నోరు దానంతటదే పలికింది.

పెద్ద మొగిలయ్య కూడా వచ్చి చూశాడు. బాయికి పెద్ద ఆయనే, అరవై ఒకటి దాటాయి, ఇంకా కడియం ఉంది. గోలీలు మూడు చెయ్యమన్నాడు. చేశాను.

203వ రోజు

మొదటి కూత ఇంకా ఆగకముందే ఓదెవ్వ నా పేరు పెట్టి పిలిచింది. కళ్ళు తేటగా ఉన్నాయి.

"సొరుపా, ఎన్నొద్దులైంది నాకు?"

"మూడు."

"మెల్లెమెల్లెగ అయిందా, ఒక్కపాలి అయిందా?"

"ఒక్కపాలే. ముందురోజు ఉప్పు కోసం నా పాణం తీసినవ్."

"అయితే ఇది మతిది గాదు బిడ్డా. మతి రోగం ఏండ్లకేండ్లు పడ్తది. ఒక్కపూటల తప్పిందంటే ఒంట్ల ఏదో ఉన్నట్టు. ఏదో సూడాలె. గోలేస్తున్నవా?"

"మూడు."

"బంద్ జెయ్యి. అది ముసలోళ్ళకు..." అని ఆగింది. మాట ఎక్కడికి పోయిందో వెతుక్కుంటున్నట్టు చూసి, మళ్ళీ గోడ మీద చీమలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

కడియాలు రాకముందు బాయి దవాఖానలో ఆమె సిస్టరు. ఒంటి మీద చెయ్యి వేసి జబ్బు చెప్పేదట. ఆ రోజుల గురించి చెబితే పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వేదాన్ని. తన పేరు దగ్గరే తడబడుతున్న మనిషి నాకు ఆర్డర్లు వేస్తోంది! ఒళ్ళు మండింది. మూడు గోలీలూ వేశాను.

204వ రోజు

ఆమె చెప్పింది తప్పని తేల్చుకుంటే నాకు నిద్ర పడుతుందనుకున్నాను. పాత డ్యూటీ పుస్తకాలు దింపి, దుమ్ము దులిపి, పదకొండేళ్ళ రాతలు ఒక్కొక్క పేజీ చదివాను. నాలుగో మట్టానికి పంపినవాళ్ళు ముప్పై ఏడుగురు. అందరి కింద నా సంతకం.

పదకొండు మంది దగ్గర "ఏడాదిగా తగ్గుతూ వస్తున్నాడు", "పేర్లు మరచిపోతోంది, నిరుటికన్నా ఎక్కువ" అని ఉంది.

ఇరవై ఆరుగురి దగ్గర ఒకటే వాక్యం. నిన్నటిదాకా బాగానే ఉంది. నిన్నటిదాకా బాగానే ఉన్నాడు. నా అక్షరాలే, గుండ్రంగా, తప్పుల్లేకుండా. ఇరవై ఆరు సార్లు రాసిన మనిషికి ఒక్కసారి కూడా అయితే నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏమైందన్న అనుమానం రాలేదు.

గోలీలు మురుగు మోరీలో పడేశాను.

205వ రోజు

ఐదో రోజు. గోలీలు ఆపినా తేడా లేదు, గోల పెరిగింది. పక్క మంచాలవాళ్ళు నన్ను తిట్టారు. ఓదెవ్వ తాను డ్యూటీలో ఉన్నాననుకుంటోంది. నేను ఆమె కింద పని నేర్చుకుంటున్న పిల్లనట.

"నాల్గో మంచం పేషెంటు ఒంటికి పోయిందా?" అని గద్దించింది.

"తెల్వదు."

"ఒంటికి పోయిందో లేదో తెల్వకుంట ఏం డ్యూటీ జేస్తున్నవ్? రెండుకెళ్ళి పోయిందా? నీళ్ళెన్ని తాగింది? జరముందా? తలకేమన్న తాకిందా? ఏం మందులు మింగుతుంది? ఇవి అడగకుంట పేరడుగుతవా, పేరుతోని ఏం జేస్తవ్?"

వరుసలో నాలుగో మంచం ఆమెదే. ఆమె అడుగుతున్నది తన గురించేనని ఆమెకు తెలియదు, నాకు తెలిసింది. పదకొండేళ్ళలో ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా నేను ఎవరినీ అడగలేదు. అలాంటివి కడియం చూసుకుంటుంది. వీళ్ళకు కడియం లేదని గుర్తే లేదు నాకు.

మూడో మంచం ముసలమ్మను అడిగాను. మరుగుదొడ్డి నలభై ఒక్క మెట్ల కింద ఉంది కాబట్టి ఓదెవ్వ వారం నుంచి నీళ్ళు తాగడం మానేసిందట. ఒంటికి పోతే మంట అని చెప్పిందట. గోలీలు మొదలైన రెండో రోజు నుంచి అసలు లేవలేదట, పక్క మాత్రం కొంచెం కొంచెం తడుస్తోందట. ఆ తడిగుడ్డలు రోజూ మార్చింది నేనే. ముసలితనం అనుకున్నాను.

చీర పక్కకు జరిపి బొడ్డు కింద చెయ్యి వేశాను. గుండ్రంగా, గట్టిగా, సొరకాయ పెట్టినట్టుంది. కొంచెం నొక్కితే కేక పెట్టింది.

ఆ నొప్పికో ఏమో కాసేపు తేటపడింది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "ఒంటేలు ఆగింది. గోలి ఆపుతది దాన్ని. నా ట్రంకుపెట్టెల రబ్బరు గొట్టముంటది. మసులవెట్టు. చేతులు సబ్బుతోని కడుగు. మోచేతులదాక."

రవళి దీపం పట్టుకుంది. గొట్టాన్ని పావుగంట సేపు మరిగించాను. మొదటిసారి తప్పు చోట పెట్టాను, కొత్త గొట్టం లేదు, అదే మళ్ళీ మరిగించాను. రెండోసారి దారి దొరికింది. చిక్కగా, నల్లగా, ముక్కు పగిలే కంపుతో చెంబు నిండింది, ఇంకో చెంబు తెమ్మన్నాను. ఓదెవ్వ "అబ్బా" అని ఒక్క ఊపిరి వదిలి అక్కడికక్కడే నిద్రపోయింది. ఐదు రోజుల్లో అదే మొదటి నిద్ర.

రవళి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది.

206వ రోజు

చీమలు తగ్గాయి, పోలేదు. నుదురు కాలుతోంది. జ్వరం చూడాలంటే అరచేతి వెనక భాగం పెట్టాలని ఓదెవ్వే నేర్పింది. నిన్నటికన్నా ఎక్కువసేపు తెలివిగా ఉంది, మధ్యలో మళ్ళీ జారిపోయింది.

"చీము వట్టింది లోపట," అంది. "గొట్టం ఒక్కటే సాలదు. బీరువల మందున్నది. అదెయ్యకుంటే పదో రోజుకు నేను అందను."

మొగిలయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన పంపు దగ్గర లెక్క చూసుకుంటున్నాడు.

"బీరువ కడియంకే తెరుస్తది స్వరూపా. నేను జెప్పినా తెర్వదు."

"పగలగొడదాం."

"పగలగొడితే ఆరువందల పన్నెండు మందికి మందు బందైతది. గది నీకూ ఎరికే." తల ఎత్తి చూశాడు. "మా అమ్మ కిందికి పోయిన్నాడు నేను గూడ గిట్లనే అడిగిన. రూలు నేను వెట్టలే. మోస్తున్న, అంతే."

ఆయన తల్లి కాగితం మీద సంతకం ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

తిరిగి వస్తూ మెట్ల దగ్గర ఆగి ఆలోచించాను. కడియం జబ్బు చూస్తేనే మందు వస్తుంది. ఓదెవ్వకు కడియం లేదు. నాకు ఉంది. ఆమెకు వచ్చిన జబ్బే నాకు ఏడాదికి మూడుసార్లు వస్తుంది. మా మట్టంలో ఆడవాళ్ళందరికీ మామూలే, నలభై ఒక్క మెట్లు దిగలేక ఆపుకుంటాం. ప్రతిసారీ అది తనంతట తనే వచ్చేది. ఈసారి నేనే రమ్మని పిలిచాను.

207వ రోజు

నీళ్ళు ముట్టలేదు. మరుగుదొడ్డికి పోలేదు. ఇంతకన్నా రాయడానికి సిగ్గుగా ఉంది.

ఓదెవ్వకు మాత్రం చెంచాతో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. రవళి పిల్లవాడిని ఒడిలో పెట్టుకుని పక్కనే కూర్చుని, ఇవాళ ఏ రోజు, మనం ఎక్కడున్నాం, వీడి పేరేంటి అని మెల్లగా చెబుతూనే ఉంది. అలా మాట్లాడుతూ ఉండాలని, దీపం పెద్దది చెయ్యాలని ఓదెవ్వే చెప్పింది. కళ్ళద్దాలు కూడా ఇమ్మంది. పగలగొట్టుకుంటుందని మొదటి రోజే తీసి దాచాను. అవి పెట్టుకున్నాక గోడ మీద చీమలు లేవని ఆమే చెప్పింది.

208వ రోజు

మంట మొదలైంది. చలి. రెండో కూతకు కడియం ఎర్రగా మారింది. జబ్బు వచ్చిందని సంబరపడిన మనిషిని బాయిలో ఎవరూ చూసి ఉండరు. బీరువా దగ్గరికి దాదాపు పరిగెత్తాను. పద్నాలుగు గోలీలు రాల్చింది. మొదటిది ఓదెవ్వ నోట్లో వేశాను.

ఒకసారి ఇచ్చాక ఏడు రోజులదాకా అదే జబ్బుకు బీరువా మళ్ళీ తెరవదు. నాకు తెలుసు. నేనొక్కటీ మింగలేదు.

209వ రోజు

రేపే పదో రోజు.

పొద్దున ఓదెవ్వ పూర్తిగా మనిషే. జ్వరం దిగింది. రవళి ముచ్చటపడి నాలుగు జవాబులూ వల్లె వేయించబోతే "నాకు నేర్పుతవానే, నీకు బొడ్డుకోసింది నేను" అని కసిరింది. ఆ తిట్టు వినడానికి ఎంత బాగుందో చెప్పలేను.

మూడో కూత వేళకు మళ్ళీ జారింది. నన్ను చూసి ఎవరు నువ్వు అంది. దవాఖానకు పోవాలని మంచం దిగబోయింది. పొద్దున బాగుండడం, పొద్దు పోయేకొద్దీ తప్పడం ఈ జబ్బు తీరేనని ఆమే చెప్పి ఉంది, అయినా పెద్దలు పొద్దున వస్తారో తర్వాత వస్తారో ఎవరికి తెలుసు? నాకూ జ్వరం ఎక్కువైంది. నడుము రెండు ముక్కలవుతోంది. పుస్తకం మీద అక్షరాలు ఈదుతున్నాయి. నాకు నలభై ఎనిమిదే కాబట్టి ఇది జ్వరం. ఇంకో ఇరవై రెండేళ్ళు ఎక్కువుంటే దీనికే మతి పోయిందని రాసేదాన్ని.

210వ రోజు

పొద్దున్నే వచ్చారు. మొగిలయ్య, ఇంకో ఇద్దరు పెద్దలు. పదిహేడు మంచాలవాళ్ళూ లేచి కూర్చున్నారు. రవళి పిల్లవాడిని గట్టిగా పట్టుకుంది.

"నీ పేరు?"

"ఓదెవ్వ. నీకు కామెర్లయితే సూసింది నేనే మొగిలీ."

"ఏ మట్టం?"

"రెండు."

"కడియం?"

"అగో, ఆ పిల్లగాడు కొరుకుతున్నడు సూడు."

"నిన్న ఏం వండిన్రు?"

ఓదెవ్వ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. నిన్న మూడో కూతకు ఆమె తినేటప్పుడు నన్నే గుర్తుపట్టలేదు. గిన్నెలో ఏముందో గుర్తుంటుందా?

"ఏం వండిన్రో అడుగుతున్నవా, నాకేం వెట్టిన్రో అడుగుతున్నవా?" అంది చివరికి. "వండింది గటక, పచ్చిపులుసు. నాకు వెట్టింది గటకే. పులుసు అడుగంటింది. అయినా ఉప్పులేదు."

వరుస మొత్తం పగలబడి నవ్వింది. రవళి ఏడుస్తూ నవ్వింది. మొగిలయ్య పుస్తకం తీసుకుని ఓదెవ్వ పేరు మీద గీత కొట్టాడు. ఆమె మాతోనే ఉంటుంది.

అక్కడితో ఆగి ఉంటే అందరం బెల్లం నీళ్ళు తాగేవాళ్ళం. జ్వరం వల్ల అన్నానో, జ్వరం లేకపోయినా అనేదాన్నో తెలియదు. గోడ పట్టుకుని నిలబడి పాత పుస్తకాలు తెరిచాను. "ఓదెవ్వ తీర్గ ఒక్కపూటల మతి తప్పినోళ్ళు ఇంకా ఇరవై ఆరుగురున్నరు. నేను సంతకం పెట్టి పంపిన" అన్నాను. ఒక్కొక్క పేరే చదవసాగాను. ఎవరూ నవ్వడం లేదు. కొందరు ఆ పేర్లవాళ్ళ భర్తలు, చెల్లెళ్ళు.

మొగిలయ్య ఆపుతాడనుకున్నాను.

"మా అమ్మది గూడ సదువు," అన్నాడు.

"మొగిలయ్య తల్లి గంగమ్మ. 57వ ఏడు, 88వ రోజు." వేలు పక్క గడికి జరిపాను. "నిన్నటిదాకా బాగానే ఉంది."

గంగమ్మ కిందికి పోయిన మూడో నెలలోనే చనిపోయింది. మొగిలయ్య ఆ పుస్తకం మూసి, "కిందికి పోయి సూడుండ్రి, ఎంతమంది ఉంటే అంతమంది" అని, ఎవరికోసమూ ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఓదెవ్వ నన్ను పిలిచి నుదుటి మీద అరచెయ్యి తిప్పి పెట్టింది. మిగిలిన గోలీల్లోంచి ఆరు తీసి నా చేతిలో పెట్టింది. "మింగు. సచ్చినంక సంతకాలు గుర్తుచేసుకుందువు."

213వ రోజు

నాలుగో మట్టానికి దిగాను. పదకొండేళ్ళలో మొదటిసారి. నా పని సంతకంతో అయిపోతుందని ఇన్నాళ్ళూ సుఖంగా ఉన్నాను. ఓదెవ్వను బొగ్గు తొట్టిలో కూర్చోబెట్టి దించారు.

కంపు. ఒక్క దీపం. ముప్పై ఏడుగురిలో పదకొండు మందే బతికున్నారు. పైనుంచి తొట్టిలో దింపే గటకలోనే నిమ్మళం గోలీలు కలుపుతారట, పూటకు ఒకసారి, అందరికీ కలిపి. అందుకే ఇక్కడ గోల ఉండదు. నేను మంచాల మధ్య నడిచాను. ఒక్కరూ తల తిప్పలేదు.

ఓదెవ్వ ఒక్కొక్కరి ఒంటి మీద చెయ్యి వేసి నాతో రాయించింది. ఆరుగురిది నెమ్మదిగా పోయిన మతి. "వీళ్ళకు మందు లేదు. మనుషులు గావాలె, వెలుతురు గావాలె. అదైనా ఇయ్యలేదు మనం." ఒక ముసలాయన చెవుల నిండా గుబిలి రాయిలా గడ్డకట్టింది. గోరువెచ్చని నూనె వేసి తీస్తే మా మాటలు విని ఉలిక్కిపడ్డాడు. ఆయనకు నా నాలుగు ప్రశ్నలూ వినపడనే లేదు. ఇద్దరికి మలం గట్టిపడి పొట్ట రాయిలా ఉంది. ఒకావిడ చెయ్యి పట్టుకుని ఓదెవ్వ తల అడ్డంగా ఊపింది, ఆమె మర్నాటికి ఉండదన్నట్టు. బుచ్చమ్మ అనే ఆమెకు వెతికితే ఏమీ దొరకలేదు.

"ఈమెకు గోలే రోగం," అంది ఓదెవ్వ. "ఎప్పుడో జరం వచ్చి తప్పింది. జరం పోయింది, గోలి పోలే. ఒక్కపాలి ఆపకు, దినదినం తగ్గించు."

234వ రోజు

ఇరవై ఒక్క రోజులుగా నేను కిందే ఉంటున్నాను. పైన వరుసకు ఇంకొకరిని పెట్టారు. ఒకావిడ పోయింది. మిగతా పదిమందికీ రోజూ నేనే నీళ్ళు పడతాను, పేరు పెట్టి పిలుస్తాను.

ఇవాళ మొదటి కూతకు బుచ్చమ్మకు మొహం కడుగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. చూపు సూటిగా నా మీద ఆగింది.

"స్వరూపవే గదా?"

"అవును చిన్నమ్మా."

"పదో రోజు రేపేనా?" గొంతు తగ్గించి, పక్కవాళ్ళు వింటారేమోనని నన్ను దగ్గరికి లాక్కుంది. "ఇయ్యాల నా పాణం మంచిగున్నది. అన్నీ చెప్తనే ఈసారి. పేరు బుచ్చమ్మ. రెండో మట్టం. కడియం మా మనుమరాలికి పోయింది. నిన్న..." ఆగిపోయింది. పెదవులు తడుపుకుంది. "నిన్న ఏం వండిన్రే? జర జెప్పవా, ఎవ్వలకు చెప్ప."

అబద్ధం చెప్పడానికి అన్ని దారులూ ఉన్నాయి. రేపు కాదు ఎల్లుండి అనవచ్చు. నీకు బాగైంది, పరీక్ష లేదు అనవచ్చు. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది, నా మీద నమ్మకంతో ఉంది. ఆ నమ్మకాన్ని నేను భరించలేకపోయాను.

"పదో రోజు అయిపోయింది చిన్నమ్మా. రెండేండ్ల నాలుగు నెలలైంది. ఇది నాలుగో మట్టం. నీకు మతి పోలేదు. జరం వచ్చింది, నేను సూడలే. నా గోలీలకు ఇట్లయినవ్. సంతకం వెట్టి పంపింది నేనే."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పైకప్పు చూసింది, దీపం చూసింది, తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. రెండు కళ్ళలోంచీ నీళ్ళు చెవుల్లోకి కారాయి, తుడవబోతే నా చెయ్యి నెట్టేసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

తల తిప్పి మంచాల వరుస మొత్తం చూసింది.

"వీళ్ళందరికి జెప్పినవా?"

"ఇంకా లేదు. నీకే మొదలు."

"అయితే నా కాడ కూసుండకు," అంది. "లే. పక్క మంచానికి పోయి జెప్పు."

నేను లేచి పక్క మంచం దగ్గరికి వెళ్ళాను.